విజేత విలియం - చేతులు మారిన ఒక రాజ్యం కథ

బి.ఏ.లో ఇంగ్లండు చరిత్ర చదువుకున్న మిత్రులకు 1066 అనే సంవత్సరం ఇప్పటికీ గుర్తుండి ఉంటుంది. ఆ ఏడాది నార్మండీ ప్రభువు విలియం సముద్రం దాటి వచ్చి, హేస్టింగ్స్ యుద్ధంలో సాక్సన్ రాజు హారోల్డును ఓడించి ఇంగ్లండుకు రాజయ్యాడు. పరీక్షలో మార్కులకు అంతవరకు తెలిస్తే చాలేది. యుద్ధం ఒక్క పగటిలో ముగిసింది. ఆ తరువాత ఇరవై ఒక్క సంవత్సరాల పాటు అతడు ఏం చేశాడు, ఎవరి భూమి ఎవరికి పోయింది, ఏ కచేరీ నిలిచింది, ఎవరి పదవి ఊడింది అనే సంగతులు మన పాఠ్యపుస్తకాల్లో రెండు పేరాలకు మించి ఉండేవి కావు. ప్రభుత్వాలు మారడం, పై అధికారులు మారడం, అయినా ఫైళ్ళు మాత్రం నడుస్తూనే ఉండడం మనందరికీ అనుభవమైన విషయమే. విలియం జీవితాన్ని ఆ వైపు నుంచి ఒకసారి చూద్దామని ఈ వ్యాసం.

విలియం 1027లో గాని 1028లో గాని, ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీ ప్రాంతంలో, ఫలేజ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి రాబర్టు నార్మండీకి ప్రభువు. తల్లి హెర్లేవా ఆ ఊళ్ళో తోళ్ళు బాగుచేసే ఒకాయన కూతురని చెబుతారు. ఆమెకూ రాబర్టుకూ పెళ్ళి కాలేదు. అందుచేత విలియంను శత్రువులు బతికినన్నాళ్ళూ అక్రమ సంతానమనే పిలిచారు. విజేత అన్న బిరుదు తరువాతి వాళ్ళు తగిలించింది. ఆలెన్సాన్ అనే పట్టణాన్ని ముట్టడించినప్పుడు కోటగోడ మీది వాళ్ళు పచ్చితోళ్ళు వేలాడదీసి తాత వృత్తిని ఎత్తి చూపి వెక్కిరించారట. పట్టణం చేతికి వచ్చాక అలా వెక్కిరించిన వాళ్ళ కాళ్ళూ చేతులూ నరికించాడు. అవమానాన్ని మరిచిపోయే స్వభావం కాదు.

అతనికి ఏడెనిమిదేళ్ళ వయసులో తండ్రి జెరూసలేం యాత్రకు బయలుదేరాడు. వెళ్ళేముందు సామంతులందరినీ పిలిచి ఈ పిల్లవాడే నా వారసుడని ప్రమాణం చేయించాడు. యాత్ర నుంచి తిరిగి వస్తూ 1035లో నైసియా వద్ద చనిపోయాడు. ఆ ప్రమాణాలు ఎంతమంది గుర్తుంచుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. పిల్లవాడి సంరక్షకులు ఒకరి తరువాత ఒకరు హత్యకు గురయ్యారు. ఆస్బర్న్ అనే పెద్ద ఉద్యోగినైతే ఆ కుర్రవాడు పడుకున్న గదిలోనే చంపారు. మేనమామ వాల్టర్ రాత్రిపూట పిల్లవాణ్ణి ఎత్తుకుపోయి పేదవాళ్ళ ఇళ్ళలో దాచేవాడని చెబుతారు. అలా పెరిగినవాడు పెద్దయ్యాక మనుషుల మాట కంటె కోటగోడలనూ కాగితం మీది హక్కునూ ఎక్కువగా నమ్మాడంటే ఆశ్చర్యం లేదని నాకనిపిస్తుంది.

1047లో ఫ్రాన్సు రాజు సాయంతో తిరుగుబాటుదార్లను ఓడించాక నార్మండీ అతని అదుపులోకి రావడం మొదలైంది. ఆ తరువాత ఫ్లాండర్స్ ప్రభువు కూతురు మెటిల్డాను పెళ్ళాడాడు. ఆ పెళ్ళి వద్దని పోపు నిషేధించినా లెక్కచేయలేదు. తరువాత రాజీ కుదిరి, భార్యాభర్తలిద్దరూ కాన్ పట్టణంలో చెరొక మఠం కట్టించారు. ఆ రెండూ నేటికీ నిలిచి ఉన్నాయి. ఆనాటి రాజుల్లో భార్యను తప్ప మరొకరిని ఎరుగడని పేరున్న కొద్దిమందిలో ఇతడొకడు.

ఇక ఇంగ్లండుతో ఇతనికి ఉన్న సంబంధం ఏమిటి? విలియం తాతగారి చెల్లెలు ఎమ్మా ఇంగ్లండు రాజును పెళ్ళాడింది. ఆమె కొడుకు ఎడ్వర్డు. అంటే విలియం తండ్రికి ఎడ్వర్డు మేనత్త కొడుకు. మన వరసల్లో చెప్పుకుంటే విలియంకు ఎడ్వర్డు మామ అవుతాడు. డేన్ల దండయాత్రల వల్ల ఎడ్వర్డు బాల్యమూ యౌవనమూ నార్మండీలోనే గడిచిపోయాయి. తిరిగి వెళ్ళి 1042లో ఇంగ్లండుకు రాజయ్యాడు. పిల్లలు లేరు. తన తరువాత రాజ్యం విలియందేనని ఎడ్వర్డు మాట ఇచ్చాడని నార్మన్లు చెప్పుకున్నారు. ఎడ్వర్డుకు బావమరిది అయిన హారోల్డు ఒకసారి నార్మండీకి వచ్చినప్పుడు ఆ మాటను సమర్థిస్తానని పవిత్ర అవశేషాల మీద చేయి వేసి ప్రమాణం చేశాడని కూడా అన్నారు. ఆ ప్రమాణం ఇష్టపూర్వకంగా చేశాడా, చిక్కుకుపోయి చేశాడా అన్నది నేటికీ వాదనే.

1066 జనవరి 5న ఎడ్వర్డు చనిపోయాడు. మరునాడే హారోల్డుకు పట్టాభిషేకం జరిగింది. సాక్సన్ల ఆచారం ప్రకారం రాజ్యంలోని పెద్దల సభ ఆమోదిస్తేనే రాజు. ఆ సభ హారోల్డును ఆమోదించింది. కనుక సాక్సన్ల దృష్టిలో అతడు సక్రమమైన రాజు, విలియం దృష్టిలో మాట తప్పినవాడు. పోపు విలియం వైపు మొగ్గాడు. ఆ వసంతంలో ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది. మనం 1986లో మళ్ళీ చూసిన హేలీ తోకచుక్కే అది.

హారోల్డు అసమర్థుడు కాడు. అతని దురదృష్టమల్లా రెండు వైపుల నుంచి ఒకేసారి దాడి రావడం. సెప్టెంబరులో నార్వే రాజు, హారోల్డుకు సొంత తమ్ముడైన టోస్టిగ్‌ను వెంటబెట్టుకొని ఉత్తరాన దిగాడు. హారోల్డు లండను నుంచి సుమారు 185 మైళ్ళు నాలుగైదు రోజుల్లో నడిచి, సెప్టెంబరు 25న స్టాంఫర్డ్ బ్రిడ్జ్ వద్ద ఇద్దరినీ హతమార్చాడు. మూడు రోజులకే దక్షిణాన పెవెన్సీ తీరంలో విలియం దిగాడు. హారోల్డు సైన్యం మళ్ళీ వెనక్కు నడిచింది. అక్టోబరు 14న హేస్టింగ్స్ సమీపంలో ఒక మిట్ట మీద సాక్సన్లు కాలినడకన డాళ్ళు దగ్గరగా చేర్చి గోడలా నిలబడ్డారు. నార్మన్లకు గుర్రపు దళమూ విలుకాండ్రూ ఉన్నారు. ఇరువైపులా ఆరేడు వేల మంది చొప్పున ఉండవచ్చని అంచనా. ఉదయం నుంచి చీకటి పడే దాకా పోరు సాగింది. సాయంత్రానికి హారోల్డు, అతని తమ్ములిద్దరూ నేలకొరిగారు. ఆ రాజ్యపు పెద్ద కుటుంబాలకు చెందిన ఎందరో అక్కడే పోయారు. భూముల బదిలీకి మొదటి దస్తావేజు ఆ మిట్ట మీదే రాయబడింది అనుకోవచ్చు.

డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, లండనులోని వెస్ట్‌మినిస్టర్ దేవాలయంలో విలియంకు పట్టం కట్టారు. ఈ రాజు మీకు సమ్మతమేనా అని జనాన్ని రెండు భాషల్లో అడిగారు. జనం ఒక్కసారిగా కేకలు వేశారు. బయట కాపలా ఉన్న నార్మన్ సైనికులకు ఇంగ్లీషు రాదు. లోపల తిరుగుబాటు లేచిందనుకొని చుట్టుపక్కల ఇళ్ళకు నిప్పు పెట్టారు. గుడి లోపల పొగ, జనం పరుగులు, వణుకుతున్న రాజు, పూర్తి కాని మంత్రాలు. పాలకుడి భాష ఒకటి, ప్రజల భాష మరొకటి అయితే మొదటి రోజే ఏమవుతుందో ఆ క్రిస్మస్ చూపింది.

విలియం చేతికి చిక్కిన రాజ్యం అనాగరికమైనది కాదని ఇక్కడ చెప్పుకోవాలి. అప్పటి పశ్చిమ యూరపులో అంత క్రమమైన పరిపాలన ఉన్న రాజ్యాలు తక్కువ. దేశమంతా షైర్లుగా, అంటే జిల్లాలుగా, విభజింపబడి ఉండేది. షైరును హండ్రెడ్లుగా విభజించారు. మన ఫిర్కా లాంటిది అనుకోండి. హండ్రెడ్‌కు సొంత పంచాయతీ సభ, షైరుకు పెద్ద సభ ఉండేవి. షైరులో రాజు తరఫు అధికారి షెరీఫ్. భూమిని హైడ్ అనే కొలతతో లెక్కగట్టి దాని మీద గెల్డ్ అనే పన్ను వేసేవారు. రాజు ఆజ్ఞలు ముద్ర వేసిన చిన్న కాగితాల రూపంలో, అదీ ఇంగ్లీషులోనే, షైరు సభలకు వెళ్ళేవి. నాణేలు ముద్రించే అచ్చులు రాజు అదుపులో ఉండేవి.

విలియం తెలివంతా ఇక్కడ ఉంది. ఈ యంత్రాంగంలో ఒక్క మరను కూడా విప్పలేదు. షైరు అలాగే ఉంది, హండ్రెడ్ అలాగే ఉంది, గెల్డ్ రేటు పెరిగిందే తప్ప పద్ధతి మారలేదు. మారినవల్లా కుర్చీల్లో కూర్చున్న మనుషులు. కొన్నేళ్ళలో షెరీఫులంతా దాదాపుగా నార్మన్లయ్యారు. కింది స్థాయిలో లెక్కలు రాసేవాళ్ళు, పన్ను వసూలు చేసేవాళ్ళు, ఊరి రీవులు మాత్రం ఎక్కువగా పాతవాళ్ళే. పొలాల పేర్లు, సరిహద్దులు, బాకీలు వాళ్ళకే తెలుసు కదా. 1984లో కరణాల వ్యవస్థ రద్దయిన రోజుల్లో మన తాలూకా ఆఫీసుల్లో పనిచేసిన మిత్రులకు, పాత లెక్కలు తెలిసిన మనిషి లేకపోతే పని ఎలా ఆగిపోతుందో నేను చెప్పనవసరం లేదు.

పట్టాభిషేకమైన కొత్తలో విలియం లండను పౌరులకు ఒక చిన్న ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. అరచేతిలో పట్టే తోలు ముక్క మీద, ఇంగ్లీషులో, కొద్ది వరుసలు. ఎడ్వర్డు కాలంలో ఉన్న చట్టాలే మీకు ఉంటాయని, తండ్రి పోయాక అతని ఆస్తి అతని బిడ్డకే చెందుతుందని, మీకు ఎవరైనా అన్యాయం చేస్తే సహించనని దాని సారాంశం. ఆ తోలు ముక్క లండను నగరం వారి దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. లండనుకు సంబంధించినంతవరకు ఆ మాట చాలావరకు నిలిచింది. రాజ్యంలో మిగిలిన చోట తండ్రి ఆస్తి బిడ్డకు దక్కడం అన్నది మరొక ఇరవై ఏళ్ళలో ఒక జ్ఞాపకంగా మిగిలింది.

అది ఎలా జరిగిందో చూడండి. ముందు హేస్టింగ్స్‌లో రాజు వైపు పోరాడి చనిపోయిన వాళ్ళ భూములు జప్తయ్యాయి. బతికి ఉన్నవాళ్ళు తమ భూమిని తామే డబ్బు కట్టి విడిపించుకోవలసి వచ్చింది. 1068లో ఎక్సెటర్‌లో తిరుగుబాటు. 1069లో యార్క్‌లో. డేన్ల నౌకలు వాళ్ళకు తోడయ్యాయి. ప్రతి తిరుగుబాటు తరువాత మరికొన్ని జప్తులు. జప్తయిన ఎస్టేటును ముక్కలు చేయకుండా, ఫలానా సాక్సన్ భూస్వామికి ఏయే ఊళ్ళలో ఏమేమి ఉన్నాయో అవన్నీ ఫలానా నార్మన్‌కు అన్న పద్ధతిలో చాలాచోట్ల ఇచ్చేవారు. పాత యజమానికి ఉన్న హక్కులూ బాకీలూ వ్యాజ్యాలూ కూడా కొత్తవాడికి సంక్రమించేవి. రిజిస్ట్రేషన్ శాఖలోని మన వాళ్ళు దీన్ని లింకు డాక్యుమెంటు అంటారు. దోచుకున్న ఆస్తికి కూడా వరుస తప్పని టైటిలు ఉండాలన్న పట్టుదల అది.

దాంతోపాటు ఒక కొత్త సూత్రం స్థిరపడింది. రాజ్యంలోని భూమి అంతా రాజుదే. మిగిలిన వాళ్ళంతా అతని కింద, ఇన్ని గుర్రపు భటులను పంపుతామన్న షరతు మీద, అనుభవదారులు మాత్రమే. వారసుడు తండ్రి భూమిలోకి రావాలంటే రాజుకు రుసుము కట్టాలి. వారసుడు మైనరైతే ఆ భూమి ఆదాయం సంరక్షకుడి పేరిట రాజుకు పోతుంది. భర్తలూ తండ్రులూ పోయిన సాక్సన్ ఇంటి ఆడవాళ్ళలో ఎందరో నార్మన్ల భయంతో సన్యాసినుల మఠాల్లో తలదాచుకున్నారు. దైవభక్తితో కాక భయంతో వచ్చిన వాళ్ళు ఇష్టమైతే బయటికి వెళ్ళిపోవచ్చని తరువాత ఆర్చిబిషప్ లాన్‌ఫ్రాంక్ తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆ ఒక్క తీర్పు చాలు, ఆ కాలం ఎలాంటిదో తెలియడానికి.

ఉత్తరాదిలో 1069 శీతాకాలంలో జరిగింది వేరే రకం. యార్క్ తిరుగుబాటును అణిచాక విలియం క్రిస్మస్‌ను ఆ కాలిపోయిన నగరంలోనే గడిపి, సైన్యాన్ని చిన్న చిన్న దళాలుగా చేసి చుట్టుపక్కల గ్రామాల మీదికి వదిలాడు. ఇళ్ళు, గాదెలు, పశువులు, నాగళ్ళు, విత్తనాలు అన్నీ తగలబెట్టించాడు. తిరుగుబాటుదార్లకూ డేన్లకూ తిండి దొరకకూడదన్నది ఎత్తుగడ. తిండి దొరకక చనిపోయింది రైతులు. ఆర్డెరిక్ అనే మతగురువు, తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఇంగ్లీషు స్త్రీ, రెండు తరాల తరువాత చరిత్ర రాస్తూ లక్ష మంది ఆకలితో పోయారన్నాడు. ఆ సంఖ్య లెక్కగట్టింది కాదని, చాలా ఎక్కువన్న అర్థంలో వాడిందని నేటి చరిత్రకారులు అంటారు. విలియంను ఎన్నో విషయాల్లో పొగిడిన ఆ ఆర్డెరిక్ ఈ ఒక్క పనిని మాత్రం సమర్థించలేనని, దీనికి దేవుడి శిక్ష తప్పదని రాశాడు. విలియం దక్షత గురించి ఎంత మంచిగా చెప్పుకున్నా ఈ పేజీని దాటవేసి చెప్పుకోవడం న్యాయం కాదు.

పట్టణాల్లో కోటల నిర్మాణం మొదలైంది. ముందు మట్టిదిబ్బ మీద కొయ్య కోటలు, తరువాత రాతి కోటలు. లండను టవర్‌లోని తెల్ల బురుజు విలియం కాలంలో మొదలైనదే. లింకన్ పట్టణంలో కోట కోసం 166 ఇళ్ళు పడగొట్టారని తరువాతి రికార్డులో నమోదైంది. వాళ్ళకు నష్టపరిహారం ఇచ్చినట్టు మాత్రం లేదు. వేట కోసం న్యూ ఫారెస్టు పేరిట పెద్ద అడవిని కేటాయించి అక్కడ కొన్ని ఊళ్ళను లేపేశారు. నార్మన్ ఎవడైనా హత్యకు గురై హంతకుడు దొరకకపోతే ఆ హండ్రెడ్ జనమంతా జుర్మానా కట్టాలన్న నిబంధన వచ్చింది.

చర్చి సంగతి కూడా అంతే. 1070లో పాత ఆర్చిబిషప్ స్టిగండ్‌ను తొలగించి, ఇటలీలో పుట్టి నార్మండీలో పేరు తెచ్చుకున్న లాన్‌ఫ్రాంక్‌ను కాంటర్‌బరీకి తెచ్చాడు. మంచి పండితుడు, కార్యదక్షుడు. విలియం చనిపోయేనాటికి బిషప్పుల్లో ఇంగ్లీషువాడు ఒక్కడే మిగిలాడు. ఆయన వూస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్. హారోల్డుకు స్నేహితుడే అయినా, కొత్త రాజుకు విధేయుడిగా ఉంటూ, తన ప్రజలను విడవకుండా 1095లో చనిపోయేదాకా అదే పదవిలో ఉన్నాడు. బ్రిస్టల్ రేవులో మనుషులను కొని ఐర్లండుకు అమ్మే వ్యాపారం జరిగేది. ఆ పట్టణంలో నెలల తరబడి బసచేసి, వాళ్ళ భాషలోనే బోధించి, ఆ అమ్మకాన్ని మాన్పించినవాడు ఈయన. కొత్త నార్మన్ పద్ధతిలో పెద్ద గుడి కట్టడానికి పాత సాక్సన్ గుడిని పడగొడుతున్నప్పుడు కంటతడి పెట్టుకున్నాడని చెబుతారు. కట్టించేది కూడా ఆయనే.

భాషకు వద్దాం. 1070 ప్రాంతం నుంచి రాజాజ్ఞలు ఇంగ్లీషులో రావడం తగ్గి లాటిన్‌లో రాసాగారు. దర్బారులో ఫ్రెంచి మాట్లాడేవారు. ఇంగ్లీషు పొలాల్లో, వంటింట్లో, సంతలో మిగిలింది. ప్రజల ఫిర్యాదులు దుబాసీ లేకుండా వినాలని విలియం నలభై దాటిన వయసులో ఇంగ్లీషు నేర్చుకోబోయి, పనుల ఒత్తిడిలో మానేశాడట. ఫలితంగా ఇంగ్లీషులో రెండు పొరలు ఏర్పడ్డాయి. పశువు మేస్తున్నంతసేపు సాక్సన్ మాటలు కౌ, షీప్. ప్రభువు పళ్ళెంలోకి వచ్చాక ఫ్రెంచి మాటలు బీఫ్, మటన్. ల్యాండ్, హౌస్, ఫాదర్ సాక్సన్లవి. కోర్టు, జడ్జి, ఆఫీసు, సర్వే, రెవిన్యూ, టాక్స్, ట్రెజరీ ఫ్రెంచి వైపు నుంచి వచ్చినవి. మనం ప్రతి నెలా ఎదురుచూసే పెన్షన్ అన్న మాట కూడా ఆ దారినే కొన్ని తరాల తరువాత ఇంగ్లీషులోకి చేరి, అక్కడి నుంచి మన దాకా వచ్చింది. మన సర్వీసు రిజిస్టర్లలో సగం మాటలకు మూలం ఆ యుద్ధమే అంటే అతిశయోక్తి కాదేమో!

ఇప్పుడు విలియం చేసిన పనుల్లో అన్నిటికంటె పెద్దది. 1085 క్రిస్మస్‌కు గ్లాస్టర్‌లో దర్బారు జరిగింది. అప్పటికి డెన్మార్క్ నుంచి దండయాత్ర వస్తుందని భయం. కిరాయి సైన్యాన్ని పోషించాలి, డబ్బు కావాలి. ఏ ఊళ్ళో ఎంత పన్ను రావాలో, ఇరవై ఏళ్ళ జప్తుల తరువాత ఏది ఎవరి చేతిలో ఉందో తేల్చాలి. దీర్ఘంగా చర్చించి దేశమంతా సర్వే చేయించాలని నిర్ణయించారు. షైర్లను ఏడు సర్క్యూట్లుగా విభజించి, ఆ ప్రాంతంలో సొంత భూములు లేని పెద్దలను కమిషనర్లుగా పంపినట్టు తెలుస్తున్నది. తనిఖీ చేసేవాడికి ఆ జిల్లాలో ఆస్తి ఉండకూడదన్న నియమం 900 ఏళ్ళకు పైబడినదన్నమాట.

అడిగిన ప్రశ్నలు ఇవి. ఈ ఎస్టేటు పేరేమిటి? ఎడ్వర్డు రాజు కాలంలో ఎవరిది? ఇప్పుడు ఎవరిది? ఎన్ని హైడ్లు, ఎన్ని నాగళ్ళు, ఎందరు రైతులు, ఎందరు గుడిసెవాసులు, ఎందరు బానిసలు, ఎందరు స్వతంత్రులు? అడవి ఎంత, గడ్డిభూమి ఎంత, మిల్లులు ఎన్ని, చేపల చెరువులు ఎన్ని? ఎడ్వర్డు కాలంలో దాని విలువెంత, విలియం ఇచ్చినప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత? ఇంకా పెంచడానికి వీలుందా? చివరి ప్రశ్న చదివితే మన జమాబందీ గుర్తుకు రాక మానదు. షెరీఫ్, ప్రభువులు, ఊరి ప్రీస్టు, రీవు, ఊరికి ఆరుగురు రైతులు ప్రమాణం చేసి చెప్పాలి. కేంబ్రిడ్జి షైరులో హండ్రెడ్‌కు ఎనిమిది మంది సాక్షుల పేర్లు నేటికీ ఉన్నాయి. నలుగురు ఫ్రెంచివారు, నలుగురు ఇంగ్లీషువారు. ఒక్క ఎద్దు గాని ఆవు గాని పంది గాని లెక్కలోకి రాకుండా పోలేదని, ఇది చెప్పుకోవడానికే సిగ్గుచేటని ఆనాటి సాక్సన్ మఠంలోని చరిత్ర లేఖకుడు వాపోయాడు.

సర్వే 1086లో నడిచింది. 13,000 పైచిలుకు ఊళ్ళు నమోదయ్యాయి. లండను, వించెస్టర్ నగరాలు, ఉత్తరాన నార్తంబర్లండ్, డర్హం ప్రాంతాలు ఇందులో లేవు. ప్రధాన గ్రంథాన్ని దాదాపు మొత్తం ఒకే గుమాస్తా తన చేత్తో లాటిన్‌లో రాశాడు. మరొకరు సరిచూసి అక్కడక్కడ చేర్పులు చేశారు. ఆ గుమాస్తా పేరు ఎవరూ రాసిపెట్టలేదు. తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. కొట్టివేతకు వీల్లేని అంతిమ తీర్పు లాంటిదని జనం దానికి డూమ్స్‌డే బుక్ అని పేరు పెట్టారు. ఇప్పుడది లండను నగరం అంచున క్యూ అనే చోట జాతీయ పత్రభాండాగారంలో ఉంది.

ఆ పుస్తకం చెప్పేది ఇది. భూమి విలువలో సుమారు అయిదో వంతు రాజుకూ అతని కుటుంబానికీ, నాలుగో వంతు చర్చికీ, మిగిలినది ఎక్కువ భాగం రెండువందల లోపు పెద్ద అనుభవదారులకు. రాజుకు నేరుగా లోబడి పెద్ద ఎస్టేటు నిలుపుకున్న ఇంగ్లీషువాళ్ళు ఇద్దరే, ఆర్డెన్ వాసి థర్కిల్, లింకన్ వాసి కోల్స్‌వెయిన్. జనాభాలో పదో వంతు బానిసలుగా నమోదయ్యారు. తరువాతి రెండు మూడు తరాల్లో ఆ బానిసత్వం దాదాపు కనుమరుగైంది. అయితే లోగడ స్వతంత్రులుగా ఉన్న రైతులెందరో ప్రభువుకు కట్టుబడిన అనుభవదారులయ్యారు. యార్క్‌షైర్ పేజీల్లో ఊరి తరువాత ఊరికి బీడు అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. అన్నీ ఆ శీతాకాలం వల్లే బీడు పడ్డాయా, కొన్నిటి లెక్కలు అందక అలా రాశారా అన్న చర్చ ఉన్నది.

బకింగ్‌హాం షైరులో మార్ష్ గిబ్బన్ అనే ఊరుంది. అక్కడ నాలుగు హైడ్ల భూమి ఎడ్వర్డు కాలంలో ఐల్రిక్ అనే ఆయన సొంతం. 1086లో అదే భూమిని అదే ఐల్రిక్ విలియం అనే మరొక నార్మన్ ప్రభువు దగ్గర కౌలుకు చేస్తున్నాడు. గుమాస్తా ఆ వివరాలు రాసి, చివర ఒక మాట చేర్చాడు. ఎంతో భారంగా, దైన్యంగా చేస్తున్నాడని. రిజిస్టరులో అలాంటి మాట రాయవలసిన అవసరం లేదు. ఏ కాలమ్‌కూ చెందదు. ఆరుగురు రైతుల్లో ఎవరో చెప్పి ఉంటారు, కమిషనరు వద్దని ఉండడు, గుమాస్తా తీసివేయలేదు. పన్ను కోసం రాయించిన పుస్తకంలో పాత యజమానుల పేర్లు ఎడ్వర్డు కాలం కింద వేల సంఖ్యలో మిగిలిపోయాయి. వాళ్ళలో చాలామంది గురించి మనకు తెలిసింది ఆ ఒక్క వరుసే.

అదే ఏడాది ఆగస్టు 1న సాలిస్‌బరీలో భూస్వాములందరి చేతా, ఎవరి కింద ఉన్నా సరే, తనకే విధేయులమని ప్రమాణం చేయించుకున్నాడు. తరువాత నార్మండీ వెళ్ళాడు. మళ్ళీ ఇంగ్లండుకు రాలేదు.

ఇంటి సంగతులు చివరి రోజుల్లో బాగాలేవు. పెద్దకొడుకు రాబర్టు తండ్రి మీదికే కత్తి దూశాడు. 1079లో గెర్బెరాయ్ కోట దగ్గర పోరులో తండ్రిని గుర్రం మీది నుంచి పడగొట్టాడు కూడా. రెండో కొడుకు న్యూ ఫారెస్టులో వేటలో పోయాడు. తల్లి మెటిల్డా రహస్యంగా పెద్దకొడుక్కు డబ్బు పంపేది. ఆమె 1083లో కన్నుమూసింది. విలియం శరీరం బాగా స్థూలించింది. 1087 వేసవిలో మాంట్ పట్టణాన్ని తగలబెడుతుండగా గుర్రం తడబడి జీను కొమ్ము కడుపులో గుచ్చుకుందని ఒక కథనం. సెప్టెంబరు 9న రూఆన్‌లో మరణించాడు. నార్మండీ రాబర్టుకు, ఇంగ్లండు విలియం రూఫస్‌కు, చిన్నకొడుకు హెన్రీకి భూమి లేదు, 5,000 పౌండ్ల వెండి మాత్రం. హెన్రీ ఆ వెండిని తూకం వేయించుకోవడానికి వెంటనే వెళ్ళిపోయాడట. ఆ హెన్రీయే 1100లో ఇంగ్లండు రాజై, పాత సాక్సన్ రాజవంశపు రక్తం ఉన్న స్కాట్లండు రాకుమారిని పెళ్ళాడాడు.

ఊపిరి ఆగగానే పెద్దలు తమ తమ ఆస్తులను కాపాడుకోవడానికి గుర్రాలెక్కారు. మిగిలిన నౌకర్లు ఆయుధాలూ బట్టలూ గిన్నెలూ పట్టుకుపోయి శవాన్ని కటిక నేల మీద వదిలేశారని ఆర్డెరిక్ రాశాడు. చివరకు ఒక సామాన్య గ్రామీణ సర్దారు సొంత ఖర్చుతో శవాన్ని పడవలో కాన్ పట్టణానికి చేర్చాడు. విలియం తానే కట్టించిన మఠంలో అంత్యక్రియలు. బిషప్పు ప్రసంగం ముగించి, చనిపోయినవాడి తప్పులు ఉంటే క్షమించమని సభను కోరాడు. అప్పుడు ఆస్సెలిన్ అనే ఆయన లేచి నిలబడ్డాడు. ఈ గుడి ఉన్న స్థలం మా నాన్నదని, రాజు బలవంతంగా లాక్కున్నాడని, నా నేలలో అతన్ని పాతిపెట్టడానికి వీల్లేదని అభ్యంతరం చెప్పాడు. చుట్టుపక్కల వాళ్ళను విచారిస్తే నిజమేనన్నారు. సమాధి గుంట మేరకు 60 షిల్లింగులు అక్కడికక్కడే చెల్లించి, మిగిలిన స్థలానికి తగిన ధర ఇస్తామని ఒప్పుకున్నాకనే శవాన్ని దించనిచ్చాడు. రాతి పెట్టె చిన్నదై శవాన్ని బలవంతంగా కుక్కబోతే పొట్ట పగిలి, దుర్వాసనకు తట్టుకోలేక గురువులు తంతును తొందరగా ముగించుకొని బయటపడ్డారు.

1562లో మతకలహాల్లో ఆ సమాధిని పగలగొట్టి ఎముకలు చెదరగొట్టారు. ఒక్క తొడ ఎముకను ఎవరో దాచి ఉంచితే దానిని 1642లో మళ్ళీ పూడ్చారు. ఫ్రెంచి విప్లవ కాలంలో ఆ కొత్త సమాధి కూడా పోయింది. ఇప్పుడు కాన్ మఠంలో, బలిపీఠం ముందు, లాటిన్ అక్షరాలు చెక్కిన ఒక రాతిపలక ఉంది.